క్రిప్టో డిపాజిట్ దారి తప్పితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎక్స్ఛేంజ్‌కి పంపిన క్రిప్టో ఖాతాలో కనిపించడం లేదంటూ వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. నెట్‌వర్క్ మీద అడ్రస్‌కి చేరడం ఒకటి, ఎక్స్ఛేంజ్ దాన్ని మీ పేరున జమ కట్టడం మరొకటి. పోయిందనుకున్న సొమ్ములో చాలాభాగం ఈ రెండింటి మధ్యే ఆగి ఉంటుంది.

ప్రశ్న: ఒక ఎక్స్ఛేంజ్ నుంచి ఇంకో ఎక్స్ఛేంజ్‌కి యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన టోకెన్) పంపాను. అవతల ఈఆర్‌సీ-20 (ఇథీరియం నెట్‌వర్క్) అడ్రస్ కాపీ చేసుకున్నాను. ఇవతల ఫీజు తక్కువని బీఈపీ-20 (బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్) ఎంచుకున్నాను. ఎర్రర్ ఏమీ రాలేదు, విత్‌డ్రా పూర్తయిందని కూడా చూపిస్తోంది. అవతల మాత్రం పడలేదు. పోయినట్టేనా?

జవాబు: ఇంకా పోయినట్టు కాదు. ఇథీరియం, బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్, పాలిగాన్, ఆర్బిట్రమ్, బేస్ అన్నీ ఒకే తరహా అడ్రస్ వాడతాయి. ముందు 0ఎక్స్, ఆపైన 40 అక్షరాలు, మొత్తం 42. అందుకే ఏ నెట్‌వర్క్ ఎంచుకున్నా అడ్రస్ చెల్లుతుంది, ఆపే ఎర్రర్ రాదు. ట్రాన్ అడ్రస్ పెద్ద టీ అక్షరంతో మొదలై 34 అక్షరాలుంటుంది కాబట్టి అక్కడ ఇలాంటి పొరపాటు చేయబోతే వాలెట్టే ఒప్పుకోదు. ప్రమాదమంతా 0ఎక్స్ కుటుంబంలోనే.

ముందు ట్రాన్సాక్షన్ ఐడీని బీఎన్‌బీ చెయిన్ లావాదేవీలు చూపే బీఎస్‌సీ స్కాన్ సైట్‌లో వేసి చూడండి. ఇక్కడ చాలామంది కంగారుపడే చోటు ఒకటుంది. పై వరసలో "టు" ఎదురుగా మీకు తెలియని అడ్రస్ కనిపిస్తుంది. అది యూఎస్‌డీటీ టోకెన్ కాంట్రాక్ట్ (ఆ టోకెన్‌ని నడిపే ప్రోగ్రాం) అడ్రస్, దొంగది కాదు. కాస్త కిందికి వస్తే టోకెన్లు ఎవరి నుంచి ఎవరికి వెళ్లాయో చూపే వరస ఉంటుంది. మీ డిపాజిట్ అడ్రస్ అక్కడుండాలి. ఉంటే టోకెన్లు ఆ అడ్రస్‌లోనే ఉన్నాయి, ఇథీరియం మీద కాక బీఎన్‌బీ చెయిన్ మీద. మీ ఎక్స్ఛేంజ్ ఆ అడ్రస్‌ని ఇథీరియం మీద మాత్రమే గమనిస్తుండవచ్చు.

ఇప్పుడు డిపాజిట్ పేజీకి వెళ్లి అదే యూఎస్‌డీటీకి బీఈపీ-20 ఎంచుకోండి. అక్కడ వచ్చే అడ్రస్, మీరు కాపీ చేసిన అడ్రస్ అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయితే నిశ్చింతగా ఉండొచ్చు. చాలా ఎక్స్ఛేంజ్‌లు 0ఎక్స్ నెట్‌వర్క్‌లన్నిటికీ ఒకే అడ్రస్ ఇస్తాయి, కన్ఫర్మేషన్లు (లావాదేవీని ఖాయం చేసే బ్లాకులు, అంటే లావాదేవీల కట్టలు) పూర్తవగానే దానంతట అదే జమవుతుంది. వేరే అడ్రస్ వచ్చినా, అసలు బీఈపీ-20 అన్న ఎంపికే లేకపోయినా సపోర్ట్‌కి రాయాల్సిందే. తప్పు నెట్‌వర్క్ డిపాజిట్ల కోసం కొన్ని ఎక్స్ఛేంజ్‌లు ప్రత్యేక ఫారం పెట్టాయి. రికవరీ ఫీజు అడగవచ్చు, వారాలు పట్టవచ్చు. మొత్తం చిన్నదైతే తమ వల్ల కాదని చెప్పేసేవీ ఉన్నాయి.

వాళ్లు తీయగలరా లేదా అన్నది ఆ అడ్రస్ ప్రైవేట్ కీ (సొమ్ము కదిలించే రహస్య సంకేతం) ఎవరి దగ్గరుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు అడ్రస్ అయితే ఎక్స్ఛేంజ్ దగ్గరున్న కీ ఏ 0ఎక్స్ నెట్‌వర్క్ మీదైనా సంతకం పెట్టగలదు. కొన్ని ఎక్స్ఛేంజ్‌ల డిపాజిట్ అడ్రస్‌లు మాత్రం స్మార్ట్ కాంట్రాక్టులు, అంటే నెట్‌వర్క్ మీద నడిచే ప్రోగ్రాములు. వాటికి ప్రైవేట్ కీ అంటూ ఉండదు. ఇథీరియం మీదున్న కాంట్రాక్ట్ ఇంకో చెయిన్ మీద అదే అడ్రస్‌లో ఉంటుందన్న హామీ లేదు. 2022లో ఆప్టిమిజం అనే 0ఎక్స్ నెట్‌వర్క్‌కి చెందిన ఆప్టిమిజం ఫౌండేషన్ 2 కోట్ల ఓపీ టోకెన్లను వింటర్‌మ్యూట్ అనే క్రిప్టో ట్రేడింగ్ సంస్థ మల్టీసిగ్ (పలువురి సంతకాలతో నడిచే కాంట్రాక్ట్) అడ్రస్‌కి పంపింది. ఆ మల్టీసిగ్ ఇథీరియం మీదే ఉంది, ఆప్టిమిజం మీద ఇంకా పెట్టలేదు. వాళ్లు తేరుకునేలోగా వేరెవరో అదే అడ్రస్ మీద తమ అదుపులో ఉండే కాంట్రాక్ట్ పెట్టి టోకెన్లు లాక్కున్నారు. తర్వాత చాలాభాగం తిరిగిచ్చారు గానీ, అది వాళ్ల దయ. మీ డిపాజిట్ అడ్రస్‌ని ఈథర్‌స్కాన్‌లో (ఇథీరియం లావాదేవీలు చూపే సైట్) తెరిచినప్పుడు "కాంట్రాక్ట్" అన్న ట్యాబ్ ఉందేమో చూడండి. ఉంటే ఆ సంగతి టికెట్‌లోనే రాయండి, పని సరైన విభాగానికి త్వరగా చేరుతుంది.

ఇదే పొరపాటు సొంత వాలెట్‌కి పంపేటప్పుడు జరిగితే కీ మీ దగ్గరే ఉంది కాబట్టి ఎవర్నీ అడగనక్కర్లేదు. వాలెట్‌లో బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్ చేర్చుకోండి, దాని చెయిన్ ఐడీ 56. ఆ చెయిన్ మీది యూఎస్‌డీటీ కాంట్రాక్ట్ అడ్రస్‌తో టోకెన్‌ని జోడించండి. దశాంశాలు ఇథీరియం మీద 6, ఇక్కడ 18. గ్యాస్ (నెట్‌వర్క్ ఫీజు) కోసం కొద్దిగా బీఎన్‌బీ తెచ్చుకుంటే అక్కణ్నుంచి ఎక్కడికైనా పంపుకోవచ్చు.

ప్రశ్న: ఎక్స్‌ఆర్‌పీ పంపుతూ డెస్టినేషన్ ట్యాగ్ ఖాళీగా వదిలేశాను. వాలెట్‌లో "ఆప్షనల్" అనే ఉంది మరి. ఇప్పుడు ట్యాగ్ పెట్టి ఇంకోసారి కొంచెం పంపితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. రెండో లావాదేవీలో పెట్టిన ట్యాగ్ మొదటిదానికి అంటుకోదు. రెండోది మాత్రం సరిగ్గా జమవుతుంది, మొదటిది ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

ఎక్స్‌ఆర్‌పీ లెడ్జర్‌లో ప్రతి అడ్రస్‌కీ కొంత రిజర్వ్ కట్టి ఉంచాలి. లక్షల మంది ఖాతాదారులకు విడివిడి అడ్రస్‌లు ఇస్తే ఆ రిజర్వే బోలెడు. అందుకని ఎక్స్ఛేంజ్ అందరికీ ఒకే అడ్రస్ చూపించి, ఎవరిది ఏదో ట్యాగ్ అంకెతో గుర్తుపడుతుంది. అపార్ట్‌మెంట్ పేరు రాసి ఫ్లాట్ నంబరు రాయకపోతే పార్సిల్ వాచ్‌మన్ దగ్గర ఆగిపోయినట్టే ఇదీ. వ్యక్తుల మధ్య పంపుకొనేటప్పుడు ట్యాగ్ అవసరం లేదు కనుక వాలెట్‌లో "ఆప్షనల్" అని ఉంటుంది. ఎక్స్ఛేంజ్‌కి అది తప్పనిసరి. ట్యాగ్ లేనివి రాకుండా తమ అడ్రస్‌కే నిబంధన పెట్టుకునే ఎక్స్ఛేంజ్‌లు ఉన్నాయి. అక్కడైతే లావాదేవీయే విఫలమై ఫీజు మాత్రం పోతుంది, సొమ్ము మీ దగ్గరే ఉంటుంది. మీది విజయవంతమైందంటే అలాంటి కాపలా లేదన్నమాట.

టికెట్‌లో ఇవి ఒకేసారి పెట్టండి: ట్రాన్సాక్షన్ ఐడీ, దశాంశాలతో సహా కచ్చితమైన మొత్తం, యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక కాలం) సమయం, పంపిన అడ్రస్, చేరిన అడ్రస్, మీ ఖాతాకి కేటాయించిన ట్యాగ్. వేరే ఎక్స్ఛేంజ్ నుంచి పంపి ఉంటే పంపిన అడ్రస్ కూడా వాళ్ల ఉమ్మడి అడ్రస్సే కాబట్టి మీరే పంపారని దాన్నిబట్టి తేలదు. ఆ విత్‌డ్రా వివరాలున్న పేజీని, మీ ఖాతా ఈమెయిల్, ట్రాన్సాక్షన్ ఐడీ రెండూ ఒకే చిత్రంలో పడేలా స్క్రీన్‌షాట్ తీయండి. సొంత వాలెట్ నుంచి పంపి ఉంటే, అదే వాలెట్ నుంచి వాళ్లు చెప్పినంత చిన్న మొత్తం ఈసారి ట్యాగ్‌తో పంపి రుజువు చేసుకోమనవచ్చు. ఆ కోరిక సబబే, కాకపోతే అది మీ ఖాతాలోపలి టికెట్ ద్వారానే వచ్చిందని చూసుకోండి.

ట్యాగ్ ఖాళీగా వదలడం కన్నా తప్పు ట్యాగ్ వేయడం ఎక్కువ ప్రమాదం. ట్యాగ్ 0 నుంచి 4,29,49,67,295 దాకా ఏ అంకైనా కావచ్చు, అందులో అంకె మారిందా లేదా పట్టుకునే చెక్‌సమ్ లేదు. మీరు కొట్టిన తప్పు అంకె ఇంకో ఖాతాదారుడిదైతే సొమ్ము అతని ఖాతాలో పడిపోతుంది. వెనక్కి తీసుకోవడం ఎక్స్ఛేంజ్‌కే చిక్కు. ట్యాగ్‌ని ఎప్పుడూ కాపీ చేయండి, చేత్తో కొట్టకండి.

స్టెల్లార్ నెట్‌వర్క్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ ట్యాగ్ బదులు వాడే మెమోకి రకాలుంటాయి. టెక్స్ట్ అయితే 28 బైట్ల వరకు, ఐడీ అయితే అంకె, ఇవి కాక హాష్ రకం. ఎక్స్ఛేంజ్ ఐడీ అడిగితే మీరు అదే అంకెను టెక్స్ట్‌గా పెట్టినా కొన్ని చోట్ల జమ కాదు. టాన్ నెట్‌వర్క్‌లో దీన్నే కామెంట్ అంటారు. కాస్మోస్, హెడెరాల్లో మెమో అంటారు. డిపాజిట్ పేజీలో అడ్రస్ కింద రెండో గడి కనిపించిందంటే అది అలంకారానికి పెట్టింది కాదు.

ప్రశ్న: పంపి ఆరు గంటలైంది. పంపిన చోట "కంప్లీటెడ్" అంటోంది. చేరాల్సిన చోట "పెండింగ్" కూడా కనిపించడం లేదు. అడ్రస్, నెట్‌వర్క్ రెండూ సరిచూసుకున్నాను. ఎక్కడ వెతకాలి?

జవాబు: ముందు ట్రాన్సాక్షన్ ఐడీ ఉందా? లేకపోతే అది ఇంకా పంపిన ఎక్స్ఛేంజ్ లోపలే ఉంది, నెట్‌వర్క్ ఎక్కలేదు. ఫిర్యాదు వాళ్లకే చేయాలి. ఐడీ ఉంటే ఆ నెట్‌వర్క్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే బీఎస్‌సీ స్కాన్ లాంటి సైట్‌లో, తెరిచి స్టేటస్ చూడండి. ఇథీరియం మీద గ్యాస్ చాలక, ట్రాన్ మీద ఎనర్జీ (అక్కడి గ్యాస్ లాంటిది) చాలక విఫలమైతే ఫీజు పోతుంది గానీ సొమ్ము పంపినవారి అడ్రస్ దాటదు.

"సక్సెస్" అని ఉందంటే తర్వాతి అనుమానం కన్ఫర్మేషన్ల మీద. ఎక్స్ఛేంజ్ ఎన్ని అడుగుతుందో డిపాజిట్ పేజీలోనే ఉంటుంది. బిట్‌కాయిన్ బ్లాక్‌కి సగటున 10 నిమిషాలు. అది సగటే. మూడు బ్లాకులు పావుగంటలో రావచ్చు, గంట దాటనూవచ్చు. ఇథీరియంలో బ్లాక్ 12 సెకన్లకొకటి, తిరుగులేని స్థితికి చేరడానికి మామూలుగా 13 నిమిషాలు. ఆరు గంటలైనా రాలేదంటే కారణం ఇది కాదు.

మిగిలినవి ఇవి. పంపిన మొత్తం కనీస డిపాజిట్ కంటే తక్కువై ఉండవచ్చు. కొన్ని ఎక్స్ఛేంజ్‌లు తర్వాత పంపిన దాంతో కలిపి జమ కడతాయి, కొన్ని అసలు కట్టవు. ఆ నాణేనికి డిపాజిట్లు తాత్కాలికంగా ఆపి ఉండవచ్చు, తెరిచాక జమవుతుంది. ఇథీరియం నాణేన్ని మల్టీసిగ్ లాంటి కాంట్రాక్ట్ వాలెట్ నుంచి పంపి ఉంటే అది ఎక్స్‌ప్లోరర్‌లో "ఇంటర్నల్ ట్రాన్సాక్షన్స్" ట్యాబ్‌లోకి పోతుంది. ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ అటు చూడకపోతే మనుషులు చేత్తో జమ కట్టాల్సిందే, సపోర్ట్‌కి ఈ మాట చెప్తే ఇట్టే అర్థమవుతుంది. చివరిది, ఈమధ్య బాగా తగులుతున్నది: ట్రావెల్ రూల్. మనీ లాండరింగ్‌పై నిఘా ఉంచే ఎఫ్ఏటీఎఫ్ 2019లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం పంపినవారెవరో ఎక్స్ఛేంజ్‌లు తెలుసుకోవాలి. ఆ వివరాలు నింపమని మీ ఈమెయిల్‌కో, డిపాజిట్ హిస్టరీ పేజీకో ఒక ఫారం వచ్చి ఉంటుంది. నింపేదాకా సొమ్ము జమ కాదు.

ప్రశ్న: నెట్‌వర్క్ సరైనదే, యూఎస్‌డీసీ (ఇంకో డాలర్ టోకెన్) పంపాను, అయినా జమ కాలేదు.

జవాబు: టోకెన్ పేరు చివర ".ఈ" ఉందేమో చూడండి. ఆర్బిట్రమ్ లాంటి నెట్‌వర్క్‌ల మీద సర్కిల్ సంస్థ నేరుగా విడుదల చేసిన యూఎస్‌డీసీ వేరు, ఇథీరియం నుంచి బ్రిడ్జి దాటి వచ్చిన యూఎస్‌డీసీ.ఈ వేరు. పేరు ఒకలాగున్నా కాంట్రాక్ట్ అడ్రస్‌లు వేరు, ఎక్స్ఛేంజ్‌కి అవి రెండు వేర్వేరు టోకెన్లు. ఈథర్ తీసుకునే అడ్రస్‌కి డబ్ల్యుఈటీహెచ్ (ఈథర్‌కి టోకెన్ రూపం) పంపినా ఇదే గతి. సపోర్ట్ చేతిలో పని. ఇకమీదట పంపేముందే వాలెట్‌లో మార్చుకుని పంపండి.

ప్రశ్న: ఫీజు తగ్గించి పంపిన బిట్‌కాయిన్ రెండు రోజులుగా కన్ఫర్మ్ కాలేదు. రద్దు చేయవచ్చా?

జవాబు: సొంత వాలెట్ నుంచి పంపి ఉంటే మార్గాలు రెండు. మొదటిది ఆర్‌బీఎఫ్, అంటే అదే సొమ్మును ఎక్కువ ఫీజుతో మళ్లీ ప్రకటించడం. ఎలక్ట్రమ్, స్పారో లాంటి వాలెట్లలో ఫీజు పెంచే బటన్ ఉంటుంది. ట్రాన్సాక్షన్ ఐడీ మారిపోతుంది, కాబట్టి ఎక్స్ఛేంజ్‌లో పాత ఐడీ "పెండింగ్"లోంచి మాయమైతే బెదరకండి.

రెండోది, ఆ లావాదేవీలో మీకు చిల్లర తిరిగొచ్చే అవుట్‌పుట్ ఉంటే దాన్ని ఎక్కువ ఫీజుతో ఖర్చు పెట్టడం. ఈ కొత్తది పిల్ల, ఇరుక్కున్నది తల్లి. పిల్ల లావాదేవీ బ్లాక్‌లోకి వెళ్లాలంటే తల్లి కూడా వెళ్లాలి, బ్లాకులు తయారుచేసే మైనర్ రెండింటి ఫీజూ కలిపి లెక్క చూస్తాడు. లెక్క ఇలా: తల్లి 141 విబైట్లు (లావాదేవీ పరిమాణానికి కొలత), విబైట్‌కి 2 సటోషీల (బిట్‌కాయిన్‌లో అతి చిన్న భాగం) చొప్పున 282 కట్టింది. పిల్ల 110 విబైట్లు. రెండూ కలిసి 251. ఇప్పుడు నెట్‌వర్క్ 12 అడుగుతోందనుకుంటే మొత్తం 3,012 కావాలి. అందులో 282 పోను పిల్ల 2,730 సటోషీలు కట్టాలి. పిల్లకి 12 చొప్పున కడితే చాలదు, ఇక్కడే చాలామంది పొరపడేది.

ఎక్స్ఛేంజ్ నుంచి పంపినదైతే ఈ రెండూ మీ చేతిలో ఉండవు. ఏమీ చేయకపోయినా బిట్‌కాయిన్ కోర్ నోడ్లు (నెట్‌వర్క్‌ని నడిపే కంప్యూటర్లు) మామూలుగా 336 గంటలు, అంటే 14 రోజుల తర్వాత అలాంటి లావాదేవీని వదిలేస్తాయి. అప్పుడు సొమ్ము పంపిన వాలెట్‌లోనే మళ్లీ ఖర్చుకు దొరుకుతుంది.

ప్రశ్న: టోకెన్లను పొరపాటున ఆ టోకెన్ కాంట్రాక్ట్ అడ్రస్‌కే పంపేశాను.

జవాబు: దాదాపు పోయినట్టే. ఆ కాంట్రాక్ట్‌లో బయటికి తీసే ఫంక్షన్ ముందే రాసి ఉండి, దాన్ని నడిపే హక్కున్నవారు ఒప్పుకుంటే తప్ప ఎవరూ తీయలేరు. ఎక్స్ఛేంజ్‌కి దీంతో సంబంధం లేదు. టోకెన్‌ని వాలెట్‌లో చేర్చుకోవడానికి కాపీ చేసిన అడ్రస్ క్లిప్‌బోర్డ్‌లో మిగిలిపోయి ఇలా జరుగుతుంది.

ప్రశ్న: ముందు చిన్న మొత్తం పంపి, అది చేరాక మిగతాది పంపడం అలవాటు. రెండుసార్లు ఫీజు దండగ కదా, అవసరమా?

జవాబు: అవసరమే, కానీ చేసే పద్ధతి ముఖ్యం. పరీక్ష మొత్తం కనీస డిపాజిట్ కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే ఆ పరీక్షే ఇరుక్కుంటుంది. మెమో, ట్యాగ్ మొదటిసారే పెట్టాలి. ఎక్స్‌ప్లోరర్‌లో "సక్సెస్" చూసి రెండోది పంపకండి. ఎక్స్ఛేంజ్ బ్యాలెన్స్‌లో అంకె పెరిగేదాకా ఆగండి. తప్పు నెట్‌వర్క్‌లో వెళ్లినదానికి కూడా ఎక్స్‌ప్లోరర్ "సక్సెస్" అనే చెప్తుంది.

ఆ తర్వాత పెద్ద మొత్తానికి అడ్రస్‌ని మీ లావాదేవీల చరిత్రలోంచి కాపీ చేయకండి. 2024 మేలో ఒకరు సరిగ్గా అలాగే, చిన్న మొత్తంతో పరీక్షించాక, 1,155 డబ్ల్యుబీటీసీ (బిట్‌కాయిన్‌కి టోకెన్ రూపం) మోసగాడి అడ్రస్‌కి పంపారు. మీరు ఒక అడ్రస్‌కి పంపగానే, మొదటి అక్షరాలూ చివరి అక్షరాలూ దానిలాగే ఉన్న ఇంకో అడ్రస్ తయారుచేసి, అక్కణ్నుంచి మీ వాలెట్‌కి సున్నా విలువ లావాదేవీ ఒకటి వదులుతారు. చరిత్రలో పైన అదే కనిపిస్తుంది. వాలెట్ మధ్య అక్షరాల బదులు చుక్కలు చూపిస్తుంది కాబట్టి తేడా తెలియదు. ఇథీరియం అడ్రస్‌లోని పెద్ద, చిన్న అక్షరాల కలగలుపు ఒక చెక్‌సమ్, అది టైపు తప్పును పట్టుకుంటుంది. ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మోసగాడి అడ్రస్ కూడా సక్రమమైన అడ్రస్సే. ప్రతిసారీ ఎక్స్ఛేంజ్ డిపాజిట్ పేజీనుంచే కాపీ చేసి, అతికించాక మధ్యలో నాలుగైదు అక్షరాలు పోల్చండి. కాపీ చేసిన అడ్రస్‌ని క్లిప్‌బోర్డ్‌లోనే మార్చేసే మాల్‌వేర్ కూడా ఈ పోలికతో దొరికిపోతుంది. తరచూ పంపే అడ్రస్‌ని పేరు పెట్టి అడ్రస్ బుక్‌లో దాచుకుంటే ఇంకా మేలు.

ప్రశ్న: నా సమస్య సోషల్ మీడియాలో రాశాను. ఎక్స్ఛేంజ్ సపోర్ట్ అని ఒకరు మెసేజ్ పెట్టి, వాలెట్‌ని "సింక్" చేయడానికి 12 పదాలు నింపమని లింక్ ఇచ్చారు.

జవాబు: దొంగ. బ్లాక్ చేయండి. ఇరుక్కున్న డిపాజిట్ తీయడానికి మీ వాలెట్‌ని తెరిచే 12 పదాల సీడ్ ఫ్రేజ్‌తో ఎక్స్ఛేంజ్‌కి ఏ పనీ లేదు. సొమ్మున్న అడ్రస్ కీ వాళ్లదే. ముందుగా ఫీజు కడితే తెప్పిస్తామనే "రికవరీ నిపుణులు" కూడా ఇదే కోవ. ఇప్పటికే పదాలు నింపి ఉంటే, జవాబు చదవడం ఆపి, కొత్త వాలెట్‌ని కొత్త పదాలతో తయారుచేసి, ఉన్నదంతా అందులోకి మార్చండి. పాత వాలెట్ పాస్‌వర్డ్ మార్చడం వల్ల ఏమీ ఒరగదు.

ప్రశ్న: ఏడాది క్రితం దాచుకున్న డిపాజిట్ అడ్రస్‌కి ఇప్పుడు పంపవచ్చా?

జవాబు: బిట్‌కాయిన్‌కి కొన్ని ఎక్స్ఛేంజ్‌లు ఎప్పటికప్పుడు కొత్త అడ్రస్ చూపించినా పాతవాటిని కూడా గమనిస్తూనే ఉంటాయి. ఆ మాట వాళ్ల సహాయ పేజీలో రాసి ఉంటేనే నమ్మండి. నాణేన్ని ఎక్స్ఛేంజ్ జాబితాలోంచి తీసేసినా (డీలిస్ట్), ఆ నెట్‌వర్క్‌కి మద్దతు ఆపేసినా పాత అడ్రస్‌కి పంపింది జమ కాదు. లాగిన్ అయి కొత్తగా తెరిచిన పేజీలో అదే అడ్రస్ కనిపిస్తే పంపండి, లేకపోతే అక్కడ కనిపించేదే వాడండి.